గిడుగు రామమూర్తి పంతులుగారు – వారి సహవాసములు

మన రామయ్యపట్నమునకు నైరుతిదిక్కున మహేంద్రగిరి కలదు. ఆ గిరికి ఆవలిప్రక్క మహేంద్రతనయ యను ఏటి యొడ్డున పర్లాకిమిడి పట్టణ మున్నది. నేడది గజపతి జిల్లాకు ముఖ్యపట్టణము. 1992వ సంవత్సరమువరకు అదియు మన గంజాం జిల్లాలోనిదే. 1936కు పూర్వము ఈ ప్రాంతమంతయు చెన్నపురి రాజధానిలో చేరియుండెను. ఆ పట్టణమున ఒక బడిపంతులు 1880 మొదలు 1936 వరకు, అనగా 56 సంవత్సరములు, కాపురముండిరి. వారే గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు.

విద్యార్థులారా! పంతులుగారి పేరు మీరు పాఠ్యపుస్తకములలో చదివియుందురు. వాడుకభాష కొరకు పోరాడిన మహాపండితుడని అందుండును. అది నిజమే. కాని పండితుడనగానే మన మనస్సునకు తోచు రూపము వేరు. తలుపులు మూసికొని, దీపము ముందు పెట్టుకొని, ఒంటరిగా పుస్తకములు తిరుగవేయు మనిషి మనకు కనబడును. రామమూర్తి పంతులుగారు అట్టి పండితులు కారు. వారి ఆలోచనలలో ముఖ్యమైనవన్నియు ఎవరో యొకరి ప్రక్కన కూర్చున్నప్పుడు పుట్టినవి. బాల్యస్నేహితుడొకరు, కొండమీది సవర లొకరు, సముద్రము దాటివచ్చిన దొర యొకరు, కన్నకొడుకొకరు. వీరిని తీసివేసి పంతులుగారి జీవితము వ్రాయబూనినచో పుటలు ఖాళీగా మిగులును. కావున ఈ వ్యాసమున వారి బిరుదములకంటె వారి సహవాసములనుగూర్చియే యెక్కువగా చెప్పదలచితిని.

పంతులుగారు 1863 ఆగస్టు 29న శ్రీముఖలింగమునకు సమీపమున, వంశధారా తీరమందలి పర్వతాలపేట యను గ్రామమున జన్మించిరి. తండ్రి వీర్రాజుగారు, తల్లి వెంకమ్మగారు. తండ్రిగారిది రెవెన్యూశాఖలో ఉద్యోగము. ఆయన చోడవరమునకు బదిలీయై వెళ్లి, అక్కడ విషజ్వరమువలన మరణించిరి. పండ్రెండేండ్ల పిల్లవానికి తండ్రి లేకుండపోయెను. మేనమామ చేరదీయగా రామమూర్తి విజయనగరమున మహారాజావారి ఆంగ్లపాఠశాలలో చేరెను. అక్కడ ఆయనకు సహాధ్యాయి గురజాడ అప్పారావు. ఒకరు కన్యాశుల్కకర్తయు, మరొకరు వాడుకభాషకు వకీలును కాగలరని ఆనాడు వారికిగాని, వారికి చదువు చెప్పిన గురువులకుగాని తెలియదు. ఒక బల్లమీద కూర్చున్న పిల్లల స్నేహము ముప్పదియేండ్ల తరువాత ఒక జాతి భాషనే మార్చెనన్నచో అతిశయోక్తి కాదు.

1880లో రామమూర్తిగారు పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయులుగా ప్రవేశించిరి. అప్పటికి వారికి పదునేడేండ్లు. జీతము ముప్పది రూపాయలు. చరిత్ర బోధించుట వారి పని. పై పరీక్షలకు వారు కళాశాల మెట్లెక్కి చదువలేదు. ఉద్యోగము చేయుచునే ఇంటివద్ద చదివి ఉత్తీర్ణులైరి. పాఠశాల కళాశాల అయిన తరువాత పై తరగతులకును పాఠములు చెప్పిరి. ముఖలింగ దేవాలయమందలి శాసనములను చదువుటకు ప్రాచీనలిపులను కూడ స్వయముగా నేర్చుకొనిరి. చరిత్ర చెప్పు ఉపాధ్యాయునకు అది తగిన వ్యాసంగమే. అయితే రాతిమీది యక్షరము మనిషితో మాటాడదు. వారిని పూర్తిగా లోగొన్న విద్య వేరొకటి, అది సంతలో దొరకెను.

పర్లాకిమిడి చుట్టును కొండలు. ఆ కొండలలో నివసించువారు సవరలు. సంతరోజున వారు కొండసరకు నెత్తిన పెట్టుకొని దిగివచ్చి, ఉప్పును గుడ్డలును కొనుక్కొని సాయంకాలమునకు మరల కొండయెక్కుదురు. పట్టణమున మాటాడునవి తెలుగు, ఒడియా. సవర మాట ఆ రెంటిలో దేనికిని చెందదు. తెలుగు ద్రావిడ కుటుంబమునకు చెందినది; ఒడియా ఆర్యభాష; సవర ముండా కుటుంబమునకు చెందినది. దానికి చుట్టములు సంతాలీ, ముండారీ మొదలగునవి. దూరపు బంధువులు తూర్పున కాంబోడియావరకు ఉన్నవి. అనగా పర్లాకిమిడి సంతలో ఒక్క చెట్టునీడన మూడు భాషాకుటుంబములు బేరమాడుచుండెను. కాని మూడింటికిని మర్యాద సమానముగా లేదు. సవరకు లిపి లేదు, పుస్తకము లేదు, కచ్చేరీలో చోటు లేదు. అధికారితో మాటాడవలెనన్న దుబాసి కావలెను. దుబాసి యేమి చెప్పెనో సవరకు తెలియదు, సవర యేమి మొరపెట్టుకొనెనో అధికారికి తెలియదు. భాష తెలియని మనిషిని మోసగించుట ఎంత సులభమో పరాయి యూరిలో బస్సు దిగిన ప్రతివారికిని తెలియును.

పట్టణవాసులకు సవర మాట నవ్వులాటగా నుండెను. పంతులుగారికి అట్లుగాక, తెలిసికొనవలెనన్న కోరిక కలిగెను. తెలుగు మాటాడగల సవర నొకనిని ఇంటికి తీసికొనివచ్చి, తమవద్దనే యుంచుకొని, అతనిని గురువుగా చేసికొని నేర్వ మొదలిడిరి. ఇది చిన్న విషయము కాదు. ఆ కాలమున బ్రాహ్మణ గృహమున, రాజావారి పాఠశాలోపాధ్యాయుని యింట, కొండవాడు గురుస్థానమున కూర్చుండి చెప్పుచుండగా పంతులుగారు శిష్యుడై వ్రాసికొనుచుండిరి. ఇరుగుపొరుగు ఏమనుకొనిరో ఊహించుట కష్టము కాదు. సవరకు పుస్తకము లేదు గనుక ఆ విద్యకు వేరు మార్గము లేదు. సంస్కృతము నేర్చుకొనవలెనన్న కోశమును వ్యాకరణమును కొనుక్కొనవచ్చును. సవర నేర్చుకొనవలెనన్న సవరతో కలసి యుండవలెను. అతడు నవ్వినప్పుడు ఏ మాట వాడెను, కోపించినప్పుడు ఏ మాట వాడెను, బిడ్డనెట్లు పిలిచెను, చనిపోయినవారినిగూర్చి ఎట్లు మాటాడెను, ఇవన్నియు దగ్గరనుండి వినవలెను. ఆ భాషలో నామవాచకమును క్రియలోనే ఇమిడ్చి ఒక వాక్యమంతటిని ఒక్క మాటగా పలుకు పద్ధతి కలదు. అట్టి మాటను విడదీయుట ఒంటరిగా కూర్చున్నవానికి సాధ్యము కాదు. పలికినవానినే మరల మరల అడిగి తెలిసికొనవలెను.

ఇంటికి వచ్చిన గురువు చాలక పంతులుగారు తామే కొండలెక్కిరి. సవర పల్లెలకు కాలినడకను పోయి, అక్కడివారితో కూర్చుండి పాటలును కథలును వ్రాసికొనిరి. కొండప్రాంతమున మన్యపుజ్వరము పట్టెను. దానికి మందు క్వినైను. మందు జ్వరమును పోగొట్టెనుగాని దానితోకూడ వినికిడిని పట్టుకొనిపోయెను. ఆ చెవుడు జీవితాంతము వారిని విడువలేదు.

ఇక్కడ నేను కొంచెము ఆగవలసియున్నది. పంతులుగారి జీవితమును చెప్పువారు ఈ విషయమును ఒక వాక్యమున చెప్పి ముందుకు పోవుదురు. పొరుగురాష్ట్రమున నేను ఉపాధ్యాయశిక్షణ పొందుచున్నప్పుడు ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవ సభలు జరిగెడివి. పద్యములు, ఉపన్యాసములు, పూలమాలలు అన్నియు నుండెడివి. సవరల ప్రసక్తి మాత్రము అరనిమిషములో ముగిసెడిది. కాని ఆలోచించి చూడుడు. మనుష్యుల నోటిమాటయే ప్రాణముగా నెంచిన మనిషికి వినికిడి పోవుట ఎట్టిది? చిత్రకారునికి చూపు పోవుటవంటిది. మరొకరైనచో ఆ పని అంతటితో చాలించి, శాసనములు చదువుకొనుచు కాలము గడిపియుందురు. శాసనములకు చెవులతో పని లేదు గదా! పంతులుగారు మానలేదు. ఎందువలన మానలేదన్నచో, నాకు తోచు కారణము ఒక్కటే. అప్పటికి సవర వారికి ఒక భాష మాత్రముగా లేదు. పేరు పెట్టి పిలువదగిన మనుష్యులుగా ఉండెను. భాషను విడిచిపెట్టవచ్చునుగాని ఎదురుచూచు మనుష్యులను విడిచిపెట్టుట కష్టము.

చెవి చేయలేని పనిని కొంతవరకు కొడుకు చేసెను. పెద్దకుమారుడు గిడుగు వేంకట సీతాపతిగారు 1885లో జన్మించిరి. తండ్రితోపాటు సవర నేర్చి, ఆ కృషిలో ఆయనకు కుడిభుజమై నిలిచిరి. తరువాత సవరలనుగూర్చి స్వయముగా వ్రాసిరి.

సవరలకొరకు పంతులుగారు మొదట చేసినది నిఘంటువు కాదు, బడిపుస్తకము. వాచకములు, కథలు, పాటలు, తెలుగు–సవర, సవర–తెలుగు పదకోశములు సిద్ధపరచిరి. లిపిలేని భాషకు తెలుగులిపిని సరిచేసి వాడిరి. చెన్నపురి ప్రభుత్వము వారి శ్రమకు ధనమిత్తుమనగా వారు దానిని స్వీకరింపక, ఆ ధనముతో సవరపిల్లలకు బడులు పెట్టుడని కోరిరి. తమ సొంత ఖర్చుతోను బడులు పెట్టించి, సవరభాషలోనే చదువు చెప్పించిరి. ప్రభుత్వము 1913లో రావు సాహెబు బిరుదమును, తరువాత 1934లో కైజర్-ఇ-హింద్ పతకమును ఇచ్చెను. ఆంగ్లమున వ్రాసిన సవరభాషా వ్యాకరణము 1931లోను, సవర–ఆంగ్ల నిఘంటువు 1938లోను అచ్చయ్యెను. నిఘంటువు వెలువడునాటికి వారి వయస్సు 75.

బిడ్డకు ఇంటిభాషలో చదువు చెప్పవలెనన్న మాట నేడు క్రొత్తది కాదు. 1953లో యునెస్కో సంస్థ అదే మాటను లోకమునకు చాటెను. మన రాజ్యాంగమున 1956లో చేరిన 350-ఎ అధికరణము, భాషాల్పసంఖ్యాకుల బిడ్డలకు ప్రాథమికదశలో మాతృభాషయందు విద్య గరపుటకు రాష్ట్రములు తగిన సదుపాయములు కల్పింపవలెనని చెప్పుచున్నది. ఒడిశాలో తెలుగుబడికి పిల్లలను పంపు తలిదండ్రులు ఆ అధికరణముయొక్క సంఖ్యను జ్ఞాపకముంచుకొనుట మంచిది. అవసరము వచ్చును. కాని ఆ మాటను పంతులుగారు ఏ సంస్థయు చెప్పకముందే చెప్పిరి, అదియు తమ బిడ్డల కొరకు కాదు, పరుల బిడ్డల కొరకు. తెలుగువాడు తెలుగు కొరకు పోరాడుటలో కొంత స్వార్థమున్నదనవచ్చును. తెలుగువాడు సవర కొరకు నలువదియేండ్లు శ్రమించుటను ఏమనవలెను?

ఇక వాడుకభాషా విషయము. 1907లో జె. ఎ. యేట్సు అను దొర ఉత్తరకోస్తా జిల్లాల పాఠశాలలకు ఇన్‌స్పెక్టరుగా వచ్చెను. పుస్తకములందలి తెలుగు ఒకటియు, జనులు మాటాడు తెలుగు మరొకటియు నుండుట ఆయనకు వింతగా తోచెను. ఆంగ్లమున చదువుకొన్నవారు మాటాడు భాషకును వ్రాయు భాషకును అంత దూరము లేదు. తెలుగున ఎందుకున్నదని ఆయన ప్రశ్న. విశాఖపట్టణమున మిసెస్ ఎ.వి.ఎన్. కళాశాలకు అధ్యక్షులైన పి. టి. శ్రీనివాస అయ్యంగారిని అడిగెను. దీనికి సమాధానము చెప్పగలవారు విజయనగరమున గురజాడ, పర్లాకిమిడిలో గిడుగు అని అయ్యంగారు చూపిరి. ఆ విధముగా నలుగురు కలిసిరి. నలుగురిలో ఇద్దరికి తెలుగు మాతృభాష కాదు. ఒకరిది ఆంగ్లము, మరొకరిది తమిళము. ఇంటివారు పుట్టినదాదిగా చూచుచున్న గోడను గోడగానే ఎంచుదురు. వచ్చిన చుట్టము ఇది ఇక్కడ ఎందుకున్నదని అడుగును. యేట్సు దొర అట్టి చుట్టము. ఆయన అడిగిన తరువాతగాని పంతులుగారికి తమ చేతిలో సమాధానమున్నట్లు పూర్తిగా తెలియలేదని నా యభిప్రాయము. సవరపిల్లవానికి వాని నోటిమాటలో పుస్తకము వ్రాసినవారు తెలుగుపిల్లవానికి మాత్రము వాని నోటిమాటను నిషేధింపగలరా?

రష్యాదేశపు మనశ్శాస్త్రవేత్త విగోట్‌స్కీ 1934లో మరణించెను. పిల్లలలో ఆలోచన మొదట మనుష్యుల నడుమ మాటగా పుట్టి తరువాత మనస్సులోనికి చేరునని ఆయన సిద్ధాంతము. పిల్లలకే కాదు, నలుబది నాలుగేండ్ల పంతులుగారికిని అట్లే జరిగెను. సంతలో సగము, స్నేహితుని ఉత్తరములలో కొంత, దొరగారి ప్రశ్నలో మిగిలినది చేరి వారి సిద్ధాంతము సంపూర్ణమయ్యెను. స్వీటు, యెస్పర్సను మొదలగు పాశ్చాత్య భాషావేత్తల గ్రంథములు వారు చదివినమాట నిజమే, అవి పనిముట్లు.

1911లో పంతులుగారు ఉద్యోగము విరమించి తమ కాలమంతయు ఈ పనికే వినియోగించిరి. ప్రాచీనకావ్యములను చదువవద్దని వారు ఎన్నడును చెప్పలేదు. వాటిని వారు ప్రతిపక్షులకంటె లోతుగా చదివినవారు. పాతభాషలో వ్రాయుడని నేటి బాలురను బలవంతపెట్టరాదనియే వారి వాదము. చదువుకొన్నవారు నేడు మర్యాదగా మాటాడు భాషలో వ్రాయనిండని కోరిరి. గ్రాంథికవాదులకు నాయకులు జయంతి రామయ్య పంతులుగారు. ఆయనయు గొప్ప పండితులే, భాష చెడిపోవునన్న భయము ఆయనకు నిజమైన భయము. పాఠశాలాంత పరీక్షలో వ్యావహారికమున వ్యాసము వ్రాయుటకు ప్రభుత్వము మొదట అనుమతించి, పండితుల యాందోళనవలన వెనుకకు తగ్గెను. ఆ వివాదములోనే 1914లో గురజాడవారు తమ అసమ్మతిపత్రమును సమర్పించిరి. మరుసటి సంవత్సరము, 1915 నవంబరు 30న, గురజాడవారు మరణించిరి.

పంతులుగారికి అప్పుడు 52 సంవత్సరములు. చెవులు లేవు. ప్రభుత్వము చేయి విడిచెను. బాల్యస్నేహితుడు పోయెను. వాదము ఓడిపోయినట్లే కనబడెను. ఇట్టి సమయమున మనుష్యులు రెండు విధములుగా నగుదురు. తోడు పోయినవాడు తానును క్రుంగిపోవుట ఒకటి. పోయినవాని పనిని కూడ తన భుజమున వేసికొనుట మరొకటి. పంతులుగారి ప్రచారోద్యమమున ఉద్ధృతమైన భాగమంతయు 1915 తరువాతదే. ఊరూర తిరిగి ఉపన్యసించిరి. గ్రాంథికము వ్రాయుచున్నామని చెప్పుకొను పండితులు ఆ గ్రాంథికమునందే ఎన్ని తప్పులు చేయుచున్నారో వారి పుస్తకములనుండియే ఎత్తి చూపిరి. 1919లో రాజమహేంద్రవరమున వర్తమానాంధ్ర భాషా ప్రవర్తక సమాజము ఏర్పడెను. ఎక్కువగా గ్రాంథికమున వ్రాసిన కందుకూరి వీరేశలింగముగారు దానికి అధ్యక్షులైరి, పంతులుగారు కార్యదర్శి. వీరేశలింగముగారు ఆ యేడే కాలధర్మము చెందిరి. ఆ సంవత్సరమే పంతులుగారు ‘తెలుగు’ అను మాసపత్రికను ప్రారంభించిరి. అది ఎంతోకాలము నడువలేదు. 1925లో తణుకున జరిగిన ఆంధ్రసాహిత్యపరిషత్తు సభలో, ప్రతిపక్షుల కోటలోనే నిలిచి, గంటలకొలది వాదించిరి.

వారి శిష్యులలో మన బరంపురమునకు చెందినవారొకరున్నారు. తాపీ ధర్మారావుగారు 1887లో బరంపురమున జన్మించి, పర్లాకిమిడిలో పంతులుగారివద్ద చదివిరి. తొలినాళ్లలో ధర్మారావుగారు గ్రాంథికము వైపే మొగ్గిరి. గురువుగారు శిష్యుని వెలివేయలేదు. తరువాత ఆ శిష్యుడే ‘జనవాణి’ పత్రికను వాడుకభాషలో నడిపి, వార్తాపత్రికలకు దారి చూపెను. వాదముచేత ఓడింపబడినవాడు మౌనముగా నుండును; అభిమానముచేత మారినవాడు పని చేయును.

ఒక చిన్న మాట. గిడుగువారినిగూర్చి గ్రాంథికధోరణిలో వ్రాయుట చూచి కొందరు నవ్వవచ్చును. మన పత్రికలో జీవితచరిత్రలను ఈ ధోరణిలో వ్రాయుట మొదటినుండి వచ్చిన అలవాటు. పంతులుగారు కూడ నవ్వియుందురేమోగాని కోపించియుండరు. ఇది పెద్దవాడు తనంత తాను వ్రాసినది. ఇట్లు వ్రాయకున్న మార్కులు తగ్గింతునని మీలో ఎవరితోను అనలేదు.

మీ యింట మాటాడు తెలుగు పుస్తకపు తెలుగు కాదు. రేవున వలలు లాగునప్పుడు మీ నాయనలు మాటాడు మాటలు, చేపలు అమ్ముకొనుచు మీ అమ్మలు మాటాడు మాటలు, అందు కలసిన ఒడియా పలుకులు, ఇవి ఏ వాచకమునందును లేవు. తరగతిలో ఆ మాట నోరుజారి వచ్చినప్పుడు కొందరు పిల్లలు నాలుక కరచుకొందురు. ఆ సిగ్గు పిల్లవానితో పుట్టినది కాదు; ఎదుటివాని చూపునుండి వచ్చినది. ఒక బిడ్డ మాటకు నలుగురు నవ్వినచో వాడు మాటాడుట మానును. మాటాడుట మానిన కొన్నాళ్లకు అడుగుట మానును. అడుగుట మానినవాడు చదువును మానును. బడి విడిచిన పిల్లల విషయమున పేదరికమునుగూర్చి మనము తరచు చెప్పుకొందుము, అది సత్యమే. ఈ రెండవ కారణమును కూడ లెక్కలో వేయవలెను. సంతలో సవరను చూచి ఊరివారు నవ్వినప్పుడు పంతులుగారు నవ్వక ప్రక్కన కూర్చుండిరి. వారు చేసిన మొదటి పని అదియే, తక్కినవి తరువాత వచ్చినవి.

1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రము ఏర్పడెను. బరంపురము, ఛత్రపురము మొదలగు ప్రాంతములతోపాటు పర్లాకిమిడి పట్టణమును అందులో చేరెను. పర్లాకిమిడిని చేర్పించుటకు అక్కడి రాజావారు పట్టుబట్టిరి. పంతులుగారు దానిని గట్టిగా వ్యతిరేకించిరి. ఆ రాజవంశపు పాఠశాలలోనే వారు ముప్పదియేండ్లకు పైగా ఉప్పు తినిరి. అయినను అభిప్రాయమును దాచుకొనలేదు. తమ మాట చెల్లలేదని తెలిసిన పిమ్మట, క్రొత్త రాష్ట్రము ఏర్పడుటకు ముందే ఇల్లు విడిచి రాజమహేంద్రవరమునకు తరలిపోయిరి. వయస్సు 72 దాటినది. పదునేడేండ్ల ప్రాయమున వచ్చిన ఊరు. అక్కడనే పిల్లలు పెరిగిరి, శిష్యులు పెరిగిరి, అక్కడి కొండలలోనే వినికిడి పోయెను. అంతటిని ఒక్క ప్రయాణముతో వెనుక విడిచిరి.

పంతులుగారు వెడలిపోయిరి, మన పెద్దలు ఉండిపోయిరి. సముద్రముతో బ్రతుకువారికి రేవును విడిచి పోవుట సాధ్యము కాదు; వలయు తెప్పయు ఎత్తుకొని పోవచ్చునుగాని సముద్రమును ఎత్తుకొని పోజాలరు. ఉండిపోయినవారు ఒడియా నేర్చిరి, ఒడియావారితో పొత్తుగా బ్రతికిరి, ఇంట తెలుగును నిలుపుకొనిరి. పంతులుగారు చేసినది సరియా, మనవారు చేసినది సరియా అని మా తరగతిలో ఒకమారు పిల్లలు వాదించుకొనిరి. నేను తీర్పు చెప్పలేదు. ఒక విషయము మాత్రము చెప్పితిని. వారు ఒడియా భాషను ద్వేషించి పోలేదు. పర్లాకిమిడిలో తెలుగు బిడ్డలు తమ భాషకు దూరమగుదురన్న వేదనతో పోయిరి. సవరలకు సవర ఎట్లో, తెలుగువారికి తెలుగు ఎట్లో, ఒడియావారికి ఒడియా అట్లేయని మూడు భాషల నడుమ బ్రతికినవారికి తెలియకపోదు.

అదే 1936లో సవరలలో ఒక విశేషము జరిగెను. మంగేయి గొమాంగో అను సవర పెద్ద తమ భాషకు ‘సోరా సొంపెం’ అను ప్రత్యేకలిపిని కల్పించెను. పంతులుగారు తెలుగులిపితో నడిపిన భాష తన లిపిని తానే చేసికొనెను. తన మాట వ్రాయదగినదని నమ్మిన జాతి మాత్రమే లిపి కొరకు తపించును. ఆ నమ్మకమును పూర్తిగా పంతులుగారే కలిగించిరనుట సవరలను తక్కువచేయుట యగును. కాని సవరమాట అచ్చులో చూచిన మొదటి తరము వారి బడిపుస్తకములలోనే చూచెను.

రాజమహేంద్రవరమునను వారు ఊరక కూర్చుండలేదు. నిఘంటువు అచ్చుపని అక్కడినుండియే పూర్తియయ్యెను. 1940 జనవరి 15న చెన్నపురిలో ప్రజామిత్ర కార్యాలయమున పత్రికాసంపాదకులను కలిసికొని, పత్రికలన్నియు వాడుకభాషలో వెలువడవలెనని కోరిరి. అదే వారి చివరి ఉపన్యాసము. జనవరి 22న చెన్నపురిలోనే కన్నుమూసిరి. పత్రికలు వారి మాటను కొన్నేండ్లకు వినెను. బడిపుస్తకములకు ఇంకను చాలకాలము పట్టెను.

సీతాపతిగారు 1969వరకు జీవించి తండ్రిగారి పనిని కొనసాగించిరి. 1955లో వెరియర్ ఎల్విన్ కొండసవరల మతమునుగూర్చి పెద్ద గ్రంథమును ప్రకటించునాటికి, ఆ జాతి భాషకు అచ్చయియున్న పెద్ద నిఘంటువు పర్లాకిమిడి బడిపంతులుగారిదే.